చెక్క మెట్ల రెయిలింగ్ ఊగకుండా ఉండాలంటే

మెట్ల రెయిలింగ్ ఊగేది ఎక్కువగా కమ్మీల వల్ల కాదు, చివరి స్తంభం దగ్గర కుసి (చేపట్టు చివర స్తంభంలోకి దూరే నాలుక లాంటి భాగం) వదులై. మేకులు, స్క్రూలు దాన్ని ఎక్కువ కాలం పట్టి ఉంచలేవు. చెక్క చీల (స్తంభాన్నీ కుసినీ కలిపి బిగించే సన్నని కర్ర మేకు) వేయండి.

ముందు స్తంభానికి 10 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, చేపట్టు కుసిని బెజ్జంలో (స్తంభంలో కుసి కూర్చునే గుంతలో) పూర్తిగా దూర్చి, రంధ్రంలోంచి కుసి మీద గుర్తు పెట్టుకోండి. కుసి బయటికి తీసి, ఆ గుర్తుకి ఒకటిన్నర మిల్లీమీటర్లు భుజం (కుసి మొదలయ్యే మెట్టు) వైపు జరిపి రంధ్రం వేయాలి. కుసిని మళ్లీ దూర్చి చీల కొడితే, అది దిగేకొద్దీ కుసిని లోపలికి లాక్కుంటుంది, సందు మూసుకుపోతుంది. జరపడం మూడు మిల్లీమీటర్లు దాటితే చీల విరుగుతుంది, లేదా కుసి చీలుతుంది. చీలను ఎండిన టేకు నుంచి నార వెంబడి చీల్చి చెక్కాలి, రంపంతో కోస్తే నార తెగి బలహీనపడుతుంది. కొన అర అంగుళం సన్నగా తీయండి.

కమ్మీల సందు 10 సెంటీమీటర్లు దాటకూడదు, పిల్లల తల దూరుతుంది. స్తంభాల మధ్య అడ్డంగా 120 సెంటీమీటర్లుంటే, 4 సెంటీమీటర్ల కమ్మీలు తొమ్మిది, సందు 8.4 వస్తుంది. వాలు వెంబడి కొలిస్తే లెక్క తప్పుతుంది.

తిరుపతి ఎండలకు పచ్చి చెక్క ముడుచుకుంటుంది. కార్తీక వానల్లో తడిసిన చెక్కతో పని మొదలుపెట్టకండి, వేసవికల్లా కుసులన్నీ గలగలమంటాయి.