చెంచా కాడ మీది ‘1847’: అమెరికన్ వెండిపూత సామాను ముద్రలతో వచ్చే చిక్కులు

సమస్య: కాడ వెనుక ‘1847 రోజర్స్ బ్రదర్స్’ అని ఉంది కాబట్టి చెంచా ఆ ఏడు నాటిదేనని అమ్మేవారు ధర పెంచి చెబుతున్నారు.

కారణం: ఆ అంకె తయారైన సంవత్సరం కాదు, పేరులో ఒక భాగం. కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో విలియం, ఏసా, సిమియన్ అనే ముగ్గురు రోజర్స్ సోదరులు విద్యుత్తుతో వెండిపూత వేసిన సామానును 1847లో అమ్మకానికి తెచ్చారు. ఆ పేరుకున్న గిరాకీని చూసి మెరిడెన్ బ్రిటానియా కంపెనీ 1862లో దాన్ని చేజిక్కించుకుంది; అప్పటికే రోజర్స్ పేరుతో వేరే సరుకు కూడా తిరుగుతున్నందున, తమది వేరని తెలిసేలా 1847ను ముద్రగా వాడుకుంది. 1898లో మెరిడెన్‌తో పాటు పలు కంపెనీలు కలిసి ఇంటర్నేషనల్ సిల్వర్ కంపెనీ ఏర్పడిన తరువాత కూడా, ఇరవయ్యో శతాబ్దమంతా దాదాపు అదే ముద్ర నడిచింది.

పరిష్కారం: అంకెను వదిలి కాడ మీది నగిషీని చూడాలి. ద్రాక్షగుత్తులున్న ‘వింటేజ్’ 1904లోనూ, ‘ఫస్ట్ లవ్’ 1937లోనూ వచ్చాయి గనుక ఆ చెంచాలు అంతకు ముందువి కాలేవు. ఇంటర్నేషనల్ సిల్వర్ పేరు కనిపిస్తే 1898కి ముందు మాట మరిచిపోవచ్చు.

సమస్య: రోజర్స్ పేరున్నవే కొన్నా జత కుదరడం లేదు.

కారణం: ఆ ఇంటిపేరుతో ఎన్నో కంపెనీలు వ్యాపారం చేశాయి. విలియం ఎ. రోజర్స్ ఆ ముగ్గురు సోదరులలో ఒకరు కారు. ఆయన పేరిట ఉన్న కంపెనీని 1929లో ఒనైడా అనే మరో కంపెనీ కొన్నది. (ఆ ఒనైడా చరిత్ర మరీ విచిత్రం: జాన్ హంఫ్రీ నోయెస్ 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో నెలకొల్పిన ఉమ్మడి ఆస్తి మతసమాజమే 1881లో వాటాల కంపెనీగా మారింది, ‘కమ్యూనిటీ’ అనే ముద్రలో దాని ఆనవాలు నిలిచింది.)

పరిష్కారం: పొడి అక్షరాలు, నక్షత్రం, గద్ద, లంగరు గుర్తులతో సహా ముద్రను పూర్తిగా పోల్చి, నగిషీ కూడా కలిస్తేనే కొనాలి.

సమస్య: ‘స్టెర్లింగ్ ఇన్‌లెయిడ్’ అని ఉన్నా కంసాలి అది వెండి కాదంటున్నారు.

కారణం: కంసాలి మాటే నిజం. స్టెర్లింగ్ అంటే 92.5 శాతం వెండి. ఈ ముద్ర వాడిన, కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్‌కు చెందిన హోమ్స్ అండ్ ఎడ్వర్డ్స్ కంపెనీ మాత్రం చెంచా బల్లకు ఆని అరిగే చోట్ల వెండి ముక్కలు పొదిగి, మిగతాదంతా పూతతోనే సరిపెట్టింది. ‘క్వాడ్రుపుల్ ప్లేట్’ (నాలుగింతల పూత) అనే ముద్ర కూడా పూత మందాన్నే చెబుతుంది. లోపలి లోహం తరచుగా మన పూజా సామానులో కనిపించే జర్మన్ సిల్వరే. అందులో రాగి, నికెల్, జింకు తప్ప వెండి ఉండదు.

సమస్య: ఎంత తోమినా మచ్చలు పోవడం లేదు.

కారణం, పరిష్కారం: నల్లమచ్చ అయితే గంధకంతో వెండి కలిసి ఏర్పడిన పొర, అల్యూమినియం రేకు పరిచిన వేడినీటిలో వంటసోడా వేసి ముంచితే వదులుతుంది. చెంచా గిన్నె వెనుక పసుపు లేదా ఎర్ర ఛాయ కనిపిస్తే పూత అరిగిపోయిందని అర్థం, తోమినకొద్దీ ఉన్న వెండి కూడా పోతుంది. మళ్ళీ పూత వేయించడం ఒక్కటే దారి, అయితే మామూలు చెంచాకు ఆ ఖర్చు దండగని నా అభిప్రాయం. టీపాత్రల వంటివి ప్రధానంగా తగరంతో చేసిన బ్రిటానియా లోహానివి కావచ్చు. అది తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి, మాట్లు వేయించేటప్పుడు పనివారికి ఆ సంగతి ముందే చెప్పాలి.