రెండు లింకులు కలిపినా వేగం పెరగలేదని తోస్తే

సాఫ్ట్‌వేర్ రౌటరులో (రౌటరుగా పనిచేసే కంప్యూటరులో) రెండు 1 గిగాబిట్ పోర్టులను ఎల్‌ఏసీపీతో (అనేక లింకులను ఒకటిగా కలిపే ప్రమాణంతో) జతచేసిన తరువాత కూడా పరీక్షలో అంకె ఒక్క లింకు ఇచ్చే 940 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంటే, కేబుళ్లను అనుమానించే ముందు పరీక్షించే పద్ధతిని మార్చి చూడండి. ఒక టీసీపీ కనెక్షన్‌లోని ప్యాకెట్లన్నీ ఒకే లింకు మీదుగా వెళ్తాయి కనుక, ఒక్క ప్రవాహంతో కొలిస్తే ఎన్ని పోర్టులు కలిపినా ఫలితం అదే వస్తుంది.

ముందుగా లినక్స్ బాండ్‌లో (అంటే కలిపిన పోర్టుల జతలో) హాష్ విధానాన్ని, అంటే ఏ ప్రవాహం ఏ లింకులో వెళ్లాలో నిర్ణయించే పద్ధతిని, ఐపీ చిరునామాలనూ పోర్టు సంఖ్యలనూ చూసే లేయర్3+4కు మార్చండి. మార్చకపోతే డిఫాల్టు లేయర్2 విధానం మ్యాక్ చిరునామాలనే (నెట్‌వర్క్ కార్డుల చిరునామాలనే) చూస్తుంది కాబట్టి, ఒకే యంత్రానికి వెళ్లేదంతా ఒకే తీగలో పడుతుంది. తరువాత వేగాన్ని కొలిచే సాధనమైన ఐపెర్ఫ్3ని రౌటరులో కాకుండా (అక్కడ నడిపితే దాని ప్రాసెసరు పనే అంకెను తగ్గించవచ్చు) రౌటరుకు ఇరువైపులా ఉన్న యంత్రాలలో ఉంచి, 8 సమాంతర ప్రవాహాలతో, మొదటి 3 సెకన్లను వదిలేసి, 30 సెకన్లపాటు నడపండి. అదే పరీక్షను రివర్స్ ఆప్షన్‌తో (డేటాను ఎదురు దిశలో పంపేది) మళ్లీ చేయడం తప్పనిసరి, ఎందుకంటే ఆ లింకుల అవతలి చివరనున్న స్విచ్ నుంచి రౌటరుకు వచ్చే దిశలో లింకును ఎంచుకునేది స్విచ్, దాని హాష్ అమరిక వేరు. ఆ సమయంలో ఒక్కో పోర్టు కౌంటర్లనూ (ఎంత డేటా వెళ్లిందో చూపే లెక్కలనూ) గమనించండి. మొత్తం అంకె కన్నా అవే ఎక్కువ చెబుతాయి.

పరీక్షించే యంత్రానికే 1 గిగాబిట్ పోర్టు ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు ఒక్కో వైపు రెండేసి యంత్రాలతో ఒకేసారి కొలవాలి.