ఎలుకను చంపక తప్పకపోతే

బియ్యం డబ్బా మూత కొరికేసి, దేవుడి గదిలో నూనె ఒత్తి ఎత్తుకుపోయి, వాషింగ్ మెషిన్ వైరు తెంపిన ఎలుకను ఏం చేయాలంటే మన ఇళ్లలో రెండు మాటలే వినిపిస్తాయి. మందు పెట్టమని ఒకరంటారు, బోనులో పట్టి పక్క వీధిలో వదిలేయమని ఇంకొకరు. మొదటిదానితో పని తేలిక, రెండోదానితో మనసు తేలిక. ఎలుక వైపు నుంచి చూస్తే రెండూ చెడ్డవే.

చంపే పద్ధతి మంచిదో చెడ్డదో తేల్చడానికి ఒక ప్రశ్న వేసుకోవాలి. నొప్పి మొదలైన క్షణం నుంచి స్పృహ పోయే దాకా ఆ ప్రాణికి ఎంతసేపు పడుతుంది? తల మీద సరిగ్గా పడిన స్ప్రింగు దెబ్బకు క్షణాలు. నీళ్లలో ముంచితే నిమిషాలు. జిగురు అట్ట మీద గంటల నుంచి రోజులు. మందుకైతే రోజుల తరబడి. చూడ్డానికి మొరటుగా ఉన్నదే నిజానికి అన్నిటికంటే దయగలది. మనకు కనబడకుండా జరిగే చావును మెత్తని చావని అనుకోవడం మన పొరపాటు.

ముందు కన్నం, తర్వాతే బోను

కన్నాలు మూయకుండా, తిండి దాచకుండా ఎలుకల్ని చంపుతూ పోవడమే అసలైన క్రూరత్వం. ఆడ ఎలుక మూడు వారాలు మోసి ఒక్కో ఈతకు ఆరు నుంచి పది పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో ఈతకొస్తాయి. ఖాళీ అయిన చోటును కొత్తవి నింపుతూనే ఉంటాయి, మీరు ఏడాది పొడవునా చంపుతూనే ఉంటారు.

పెన్సిల్ దూరేంత సందు, అంటే 6 మిల్లీమీటర్లు ఉంటే చిట్టెలుకకు చాలు. ఇంటి ఎలుకకు దానికి రెండింతలు కావాలి. ఏసీ పైపు, గ్యాస్ పైపు గోడలోంచి వచ్చే చోటు, సింకు కింద డ్రైనేజీ గొట్టం చుట్టూ, తలుపు కింద సందు, వెంటిలేటరు, అటక మీద పెంకులకూ గోడకూ మధ్య చూడండి. చిన్న సందుల్లో స్టీలు పీచు గట్టిగా కుక్కి, పైన ఒక వంతు సిమెంటుకు మూడు వంతుల ఇసుక కలిపి పూయండి. వెంటిలేటరుకు పావు అంగుళం కన్నుల ఇనుప జాలీ వేయించండి. ప్లాస్టిక్ దోమతెరను, ఫోమును ఎలుక ఒక్క రాత్రిలో కొరికేస్తుంది.

మూసే ముందు లోపల ఏదీ లేదని తేల్చుకోవాలి. కన్నంలో నలిపిన న్యూస్‌పేపరు వదులుగా పెట్టండి. రెండు మూడు రాత్రులైనా అది కదలకపోతే లోపల ఎవరూ లేనట్టే. కదిలితే ఇంకా ఉన్నాయి, ముందు వాటి సంగతి చూడాలి. ఈ పని చేయకుండా సిమెంటు పూస్తే అవి గోడలో ఆకలికి చస్తాయి, మీకు రెండు వారాల కంపు మిగులుతుంది.

తిండి విషయం అందరికీ తెలిసిందే, అయినా మరిచిపోయేవి కొన్ని ఉంటాయి. కుక్క గిన్నెలో రాత్రి మిగిలిన అన్నం, దేవుడి దగ్గర కొబ్బరి చిప్ప, ప్రమిదలో నూనె ఒత్తి, బాత్రూములో సబ్బు బిళ్ల. ఎలుక సబ్బు కూడా తింటుంది. వెలుగుతున్న ఒత్తిని లాక్కెళ్తే ఇల్లే అంటుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు ఇవన్నీ తీసేయండి.

అది ఎలుకేనా?

మూతి పొడుగ్గా, కళ్లు చిన్నగా ఉండి, కంపు కొడుతూ, కిచకిచమంటూ గోడవారగా పరిగెత్తేది చుంచు. అది ఎలుక జాతి కాదు. బొద్దింకల్నీ పురుగుల్నీ తింటుంది. దాన్ని చంపాల్సిన పని లేదు, తలుపు తీసి బయటికి తోలండి.

చిట్టెలుక 15-20 గ్రాములుంటుంది. ఇంటి ఎలుక 100 నుంచి 200 గ్రాములు, తోక ఒంటికంటే పొడుగు. పందికొక్కు పావు కిలో నుంచి కిలో దాకా తూగుతుంది, పునాది పక్కన మట్టి గుట్టలు పోస్తుంది. చిన్న బోనులో పెద్ద ఎలుక పడితే చావదు, నడుమో కాలో విరిగి బతుకుతుంది. బోనుకొచ్చే చెడ్డపేరుకు సగం కారణం ఈ సైజు పొరపాటే.

స్ప్రింగు బోను

చెక్క లేదా గట్టి ప్లాస్టిక్ పలక మీద స్ప్రింగు తీగ ఉండే రకం ఇది. కొనగానే క్యారెట్ ముక్కతో పరీక్షించండి, వేలు మాత్రం పెట్టొద్దు. ఎలుకల సైజు బోను క్యారెట్‌ను తునకలు చేయాలి. మెత్తగా నొక్కి ఊరుకుంటే, లేదా స్ప్రింగు తుప్పుపట్టి ఉంటే, దాన్ని పారేయండి.

ఎలుకకు కొత్త వస్తువంటే భయం. అందుకే మొదటి రెండు మూడు రాత్రులు బోనును ఎక్కించకుండా, ఎర మాత్రం పెట్టి వదలండి. తినడం అలవాటయ్యాక ఎక్కించండి. ఈ ఓపిక లేకపోతే ఎలుక భయపడుతూ పక్కనుంచి ముట్టుకుంటుంది, దెబ్బ మూతికో కాలికో తగులుతుంది.

ఎరకు ఎండు కొబ్బరి, ఎండు చేప, ఉల్లి పకోడీ, వేయించిన వేరుసెనగ పలుకు బెల్లంతో నూరినది బాగా పనిచేస్తాయి. బఠాణీ గింజంత చాలు. ఎక్కువ పెడితే అంచు నుంచే కొరుక్కుని పోతుంది. గట్టి ఎరనైతే దారంతో మీట మీద కట్టండి, లాగితే తప్ప రాకూడదు.

బోనును గోడకు అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడను తాకేలా పెట్టాలి. ఎలుకలు గోడవారగా నడుస్తాయి కనుక ఎటు నుంచి వచ్చినా తల మీట మీదికే వస్తుంది. పిల్లలో పిల్లో ఉన్న ఇంట్లో బోనును రెండు వైపులా కన్నాలున్న చెక్కపెట్టెలో ఉంచండి. రెండు గదుల ఇంటికి ఒక్క బోను నెలంతా పెట్టడం కంటే ఒకే రాత్రి ఐదారు పెట్టడం మేలు. పని త్వరగా ముగుస్తుంది, కొత్త ఈత పడదు, చచ్చే వాటి సంఖ్యే తగ్గుతుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. చూసే తీరిక లేని రోజుల్లో, ఊరికెళ్లేటప్పుడు బోనులన్నీ దించేయండి.

బోనులో చావకుండా చిక్కితే, లేదా ఇనుప బోనులో ప్రాణాలతో పడితే

ఎక్కువమంది చేతులెత్తేసేది ఇక్కడే. అప్పుడే బకెట్టు నీళ్లు, మరిగే నీళ్లు, ఎండలో బోను, పాలిథిన్ సంచి గుర్తొస్తాయి. ఏదీ వద్దు. ఎలుక బాగా ఈదుతుంది, మునగడానికి నిమిషాల తరబడి పోరాడుతుంది. అమెరికా పశువైద్యుల సంఘం మార్గదర్శకాల్లోనూ ముంచి చంపడం కూడని పద్ధతుల జాబితాలోనే ఉంది. వంటసోడా, వెనిగరు కలిపి గ్యాసు పుట్టించడం కూడా ఇంట్లో సరిగ్గా కుదరదు. గ్యాసు ఎంత చేరిందో, ఎంత వేగంగా చేరిందో మీకు తెలియదు.

చేయాల్సిందిలా. ముందు బోను మీద దళసరి గుడ్డ కప్పండి, చీకట్లో ఎలుక కుదుటపడుతుంది. చేతులకు మందపాటి తోలు గ్లవుజులు వేసుకోండి. గోనె సంచి మూతిని బోను తలుపు చుట్టూ సందు లేకుండా పట్టుకుని తలుపు తీసి, గుడ్డను నెమ్మదిగా వెనక నుంచి లాగండి. వెలుతురు నుంచి చీకటికి అది తనంతట తానే సంచిలోకి దూకుతుంది. మూతి మెలిపెట్టి, దాన్ని ఒక మూలకు చేర్చి, కదలకుండా సంచిని బిగించండి. గట్టి నేల మీద పెట్టి తల ఎక్కడుందో సంచి మీదుగా గుర్తుపట్టండి. చెవుల వెనక, పుర్రె మీద ఇనుప పార వెనకభాగంతోనో బరువైన రోకలితోనో ఒక్కటే గట్టి దెబ్బ. వెంటనే అదే చోట రెండోది, మొదటిది చాలిందనిపించినా. జాలిపడి మెల్లగా కొట్టడమే ఇక్కడ చేసే పెద్ద తప్పు. సంచిని పట్టుకుని గోడకేసి బాదొద్దు, దెబ్బ ఎక్కడ పడుతుందో మీ చేతిలో ఉండదు.

తర్వాత చూడండి. ఛాతీ కదలకూడదు, పుల్లతో కంటిగుడ్డును తాకితే రెప్ప కొట్టుకోకూడదు. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. కాళ్లు కాసేపు కొట్టుకోవడం మామూలే. శ్వాస మాత్రం ఉండకూడదు.

ఈ పని తన వల్ల కాదనుకునేవాళ్లు ఇనుప బోను జోలికే పోకూడదు. స్ప్రింగు బోనే పెట్టుకోవాలి. పట్టుకున్నాక ఏం చేయాలో తేల్చుకోకుండా పట్టడమంటే బోనులో గంటల కొద్దీ భయపెట్టడమే. ఒకవేళ పడితే నీడలో ఉంచి, కీర ముక్క వేసి, అదే రోజు దగ్గర్లోని పశువైద్యుణ్ని అడగండి.

పక్క వీధిలో వదిలేస్తే? దగ్గరైతే తిరిగి వస్తుంది, దూరమైతే అక్కడి ఎలుకలు, కుక్కలు, కాకుల మధ్య కొత్త చోట బతకడం కష్టం. పైగా మీ బాధ ఇంకొకరి వంటగదిలో చేరింది. పుణ్యం కాదది.

పాలిచ్చే తల్లి

చచ్చిన ఎలుక పొట్ట కింద చనుమొనలు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు రాలి కనిపిస్తే దగ్గర్లోనే పిల్లలున్నాయని లెక్క. అటక, బీరువా వెనక, సోఫా అడుగు, పాత పేపర్ల కట్ట వెతకండి. వెంట్రుకలు రాని ఎర్రని పిల్లలు తల్లి లేకపోతే చలికీ ఆకలికీ మెల్లగా చస్తాయి. దొరికినవాటిని చెత్తలో వేయొద్దు, నీళ్లలో వేయొద్దు. పుట్టిన కొత్తలో అవి ఊపిరాడకపోయినా పెద్దవాటికంటే చాలాసేపు బతుకుతాయి. గుడ్డలో చుట్టి గట్టి నేల మీద ఒక్క బలమైన దెబ్బతో ముగించాలి. రాయడానికే కష్టంగా ఉన్న వాక్యమిది, కానీ వదిలేయడం దీనికంటే కఠినం.

జిగురు అట్ట, మందు

జిగురు అట్ట మీద చిక్కిన ఎలుక చర్మం చిరిగేలా, కాలు కొరుక్కునేలా పెనుగులాడి దాహానికో అలసటకో చస్తుంది. భారత జంతు సంక్షేమ బోర్డు వీటిని ఆపమని రాష్ట్రాలకు రాసింది. ఇంగ్లండులో 2022 చట్టంతో మామూలు జనం వాడకాన్ని నిషేధించారు, అక్కడున్న తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాలి. మీ ఇంట్లో ఇప్పటికే పెట్టి ఉంటే, బల్లో పిచ్చుకో చిక్కిన చోట దూదితో వంటనూనె రాస్తూ నెమ్మదిగా విడదీయండి, లాగొద్దు. ఎలుక చిక్కితే గుడ్డ కప్పి పైన చెప్పిన దెబ్బే. అట్టతో సహా ప్రాణాలతో చెత్తబుట్టలో పడేయడం మాత్రం ఎవరూ చేయకూడదు.

బజారులో దొరికే బ్రోమాడియోలోన్ బిళ్లలో మందు 0.005 శాతమే, కానీ అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలుక ఒకటి రెండు రోజులు మామూలుగానే తిరిగి, ఆపైన లోపల రక్తం కారుతూ చస్తుంది. సగం చచ్చి తడబడే ఎలుకను గుడ్లగూబో పిల్లో తింటే ఆ విషం వాటికీ ఎక్కుతుంది. ఎలుకల్ని ఉచితంగా పట్టే గుడ్లగూబను చంపుకోవడమంటే, ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. పసుపు భాస్వరం ఉండే పేస్టును ఇంట్లోకే రానివ్వకండి. పిల్లలు ఏ ఎలుకల మందు నోట్లో పెట్టుకున్నా, బాగానే ఉన్నట్టు కనిపించినా, డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చట్టం ఎక్కడ నిలబడుతుంది

ఎలుకను చంపడం నేరం కాదు. అనవసరమైన క్రూరత్వంతో చంపడం మాత్రం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మిగతా జంతువుల దగ్గర మాత్రం చేయి ఆపుకోవాలి. పాములకు, ఎలుకల్ని తినే జెర్రిపోతుతో సహా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. హైదరాబాదులోనైతే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు వచ్చి పట్టుకెళ్తారు, మిగతా చోట్ల అటవీశాఖను పిలవండి. వీధికుక్కల సంగతి 2023 జనన నియంత్రణ నిబంధనలు చూసుకుంటాయి, మందు పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు. కోతులకు, పావురాలకు జాలీయే మందు.

పారవేయడం

గ్లవుజులు లేకుండా ముట్టొద్దు. వానాకాలంలో ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ సోకుతుంది, ఒంటి మీది రక్తం పీల్చే పురుగులు శవం చల్లబడగానే దిగి మనుషుల్ని వెతుక్కుంటాయి. శవం మీద, బోను మీద ముందు క్రిమిసంహారక ద్రావణం చల్లి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి. పెరడుంటే బావికి దూరంగా రెండడుగుల లోతున సున్నం వేసి పూడ్చండి, లేదంటే చెత్త బండికివ్వండి. నేలను ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి పది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడగండి. పొడి చీపురుతో లద్దెలు ఊడిస్తే దుమ్ము గాలిలోకి లేస్తుంది. బోనును మాత్రం సబ్బుతో మరీ తోమకండి, సబ్బు వాసనకంటే పాత ఎలుక వాసనే తర్వాతిదాన్ని దగ్గరికి రప్పిస్తుంది.