కడప ఇంట్లో ‘సైలెంట్ నైట్’: పాత క్రిస్మస్ పాటను కొత్తగా రికార్డు చేయడం ఎలా?

డిసెంబరు వస్తే కడపలో క్యారల్స్ హడావిడి మొదలవుతుంది. దాంతోపాటే ఫోన్లలో కవర్ సాంగుల వరద. వాటిలో చాలావరకు ఒకే అచ్చు: కీబోర్డులో వచ్చే రెడీమేడ్ బీటు, గొంతు మీద డబ్బా నిండా ఎకో, చివర్లో గంటల చప్పుడు. పాట ఎవరిదో, ఏ ఊళ్లో పాడారో విని చెప్పడం కష్టం. అలా కాకుండా మన ఇంటి చప్పుళ్లతో, స్టూడియో ఖర్చు లేకుండా, ఒక ఫోన్‌తో రికార్డు చేసే పద్ధతి ఇది. ఒకే ఒక షరతు: ట్యూన్ ముట్టుకోకూడదు. దాని చుట్టూ ఉన్నది ఎంతైనా మార్చుకోండి.

ట్యూన్ విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు కడపకు వచ్చింది 1822లో. ఇక్కడి పాత క్రైస్తవ కుటుంబాలకు ఈ పాటలు పరాయివి కావు, తరాలుగా పాడుకుంటున్నవే. మీ అవ్వ మొదటి లైను విని గొంతు కలపగలగాలి. ఆమె కలపలేకపోతే మీరు చేసింది కొత్త పాటే తప్ప కవర్ కాదు.

1. పాట ఎంచుకోవడం

మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది ‘సైలెంట్ నైట్’. తెలుగు చర్చిల్లో ‘శుద్ధ రాత్రి’గా పాడేది ఇదే. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దగ్గర ఓబర్న్‌డార్ఫ్ అనే ఊళ్లో 1818 డిసెంబరు 24న దీన్ని మొదటిసారి పాడారు. మాటలు జోసెఫ్ మోర్ అనే పాదిరివి, బాణీ ఫ్రాంజ్ గ్రూబర్‌ది. ఆర్గన్‌ను ఎలుకలు కొరికేశాయని చెప్పే కథకు ఆధారం లేదు కానీ, ఆ రోజు పాటకు తోడుగా మోగింది గిటార్ అన్నది నిజం. చర్చి పాటంటే ఆర్గన్ ఉండాల్సిందే అనుకునే కాలంలో గిటార్‌తో పాడారు. అందుకే, మనం స్టీలు గిన్నెలతో వాయిస్తే ఎవరైనా మొహం చిట్లిస్తే ఈ సంగతి చెప్పండి.

హక్కుల చిక్కు కూడా లేదు. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్లకు కాపీరైట్ ముగుస్తుంది. మోర్ 1848లో, గ్రూబర్ 1863లో పోయారు. అందరూ పాడే ఇంగ్లిష్ మాటలు 1859 నాటివి. ‘జింగిల్ బెల్స్’ 1857 నాటిది, అదీ ఫర్వాలేదు. దాంట్లో క్రిస్మస్ అన్న మాటే లేదనుకోండి, అది వేరే విషయం. ‘క్యారల్ ఆఫ్ ద బెల్స్’తో మాత్రం జాగ్రత్త. ట్యూన్ పాతదే, ఉక్రెయిన్‌కు చెందిన లియోంటోవిచ్ చేసింది. ఇంగ్లిష్ మాటలు 1936 నాటివి, వాటిని రాసినాయన 1978లో చనిపోయాడు. కాబట్టి మాటల మీద హక్కు ఇంకా ఉంది. తెలుగు మాటలతో పాడాలనుకుంటే అనువాదం ఎవరిదో, ఎప్పటిదో చూసుకోండి.

2. శృతి, స్వరాలు

శంకరాభరణం స్వరాలు తెలిసినవాళ్లకు ఈ పాట వాయించడం చాలా సులువు. మొదటి ముక్క ‘ప ద ప గ’. అదే మళ్లీ ‘ప ద ప గ’. తర్వాత పై స్థాయిలో ‘రి రి’ పాడి ‘ని’కి దిగాలి, పై ‘స స’ పాడి ‘ప’కు రావాలి. ఆ తర్వాత ‘ద ద’, పై ‘స’, ‘ని ద’, మళ్లీ ‘ప ద ప గ’. ఈ చివరి భాగం ఇంకోసారి వస్తుంది. ముగింపుకు ముందు గొంతు పై స్థాయిలో ‘రి రి మ రి’ అంటూ ఎగబాకి ‘ని’కి దిగి, పై ‘స గ’ దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి పై ‘స’ మొదలుకుని ‘ప గ ప మ రి స’ అంటూ కింది ‘స’కు దిగిపోతుంది.

అంటే కింది ‘స’ నుంచి పై ‘మ’ దాకా గొంతు పలకాలి. శృతి పెట్టేటప్పుడు చూడాల్సింది మొదటి లైను కాదు, ఆ పై ‘మ’. చాలామంది మొదటి లైను హాయిగా ఉందని శృతి ఖాయం చేసేసి, అక్కడికొచ్చాక అరుస్తారు. మగవాళ్లు ఒకటి శృతి (కీబోర్డు మీద సీ) దగ్గర, ఆడవాళ్లు అయిదు (జీ) దగ్గర మొదలుపెట్టి చూడండి. పై ‘మ’ దగ్గర మెడ నరాలు బిగిస్తే అర శృతి దించండి, సిగ్గేం లేదు.

3. ఏం మార్చాలి?

ఈ పాట నడక ‘తకిట తకిట’. మూడేసి అక్షరాలు, రెండుసార్లు. చర్చిలో దీన్ని సాగదీసి పాడతారు కాబట్టి లోపల ఉన్న ఊపు వినిపించదు. ఆ ఊపును బయటికి లాగడానికి రాయలసీమలో మన చేతికందే వాయిద్యం చెక్కభజన చెక్కలు. అడుగులు, గుండ్రంగా తిరగడం ఏవీ అవసరం లేదు, ఒక జత చెక్కలు చాలు. ఊళ్లో భజన గుంపు ఉంటే అడిగి తెచ్చుకోండి, కాదనరు.

మొదటి చరణం ఉత్త గొంతుతోనే పాడండి, వెనక శృతి పెట్టె ఉంటే చాలు. రెండో చరణంలో చెక్కలు రానివ్వండి, ‘త’ దగ్గర మాత్రమే దెబ్బ. మూడో చరణంలో ప్రతి అక్షరానికీ దెబ్బ వేయండి. స్పీడు పెంచొద్దు. వేగం అదే ఉండి దెబ్బలు ఎక్కువైతే పాట పరుగెత్తుతున్నట్టు వినిపిస్తుంది, పాడేవాళ్లకు మాత్రం ఆయాసం రాదు. డప్పు కూడా పెట్టాలని ఉంటే మిద్దె మీద విడిగా రికార్డు చేయండి. గదిలో కొడితే ఫోన్ మైకు తట్టుకోలేదు, పక్కింటివాళ్లూ తట్టుకోలేరు.

ఇక గంటల బదులు గిన్నెలు. ‘ప ద ప గ’ ముక్క ఒక్కో చరణంలో నాలుగుసార్లు వస్తుంది, దానికి మూడు స్వరాలు చాలు. వంటింట్లో బోకులన్నీ ముందేసుకుని చెక్క గరిటెతో ఒక్కోదాన్ని తట్టండి. ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు నిలిచేవి మూడు ఏరండి. పింగాణీ కప్పులైతే స్వరం స్థిరంగా ఉంటుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలు కాస్త మొండివి కానీ వాటి గొంతు బాగుంటుంది. నీళ్లు పోసేకొద్దీ స్వరం దిగుతుంది. కాబట్టి మీకు కావలసిన స్వరం కన్నా కొంచెం పైన మోగే గిన్నె తీసుకుని చెంచాతో నీళ్లు పోస్తూ దించండి. ఫోన్లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ ముందు పెట్టుకోండి. ఒకటి శృతికి ప, ద, గ వరుసగా జీ, ఏ, ఈ అక్షరాలుగా కనిపిస్తాయి. అయిదు శృతికి డీ, ఈ, బీ. గిన్నె కింద మడతపెట్టిన తువ్వాలు ఉండాలి, లేకపోతే బండ మీద అదిరి గరగరమంటుంది. కొట్టిన వెంటనే స్టీలు గిన్నెను కాస్త వంచితే లోపలి నీళ్లు కదిలి స్వరం అలలా ఊగుతుంది. చివరి ‘గ’ దగ్గర ఒక్కసారి వాడండి. ప్రతిసారీ వాడితే విసుగు.

4. గది

మన ఇళ్లలో అసలు శత్రువు కడప బండలే. కింద బండపరుపు, గోడకు బండల అరలు, పైన స్లాబు. ఎక్కడా మెత్తన లేదు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ‘టింగ్’మని తోక లాంటి చప్పుడు వస్తే ఆ గదిలో గొంతు రికార్డు చేయొద్దు. చేయక తప్పదంటే కింద బొంతలు పరిచి, మీ వీపు వెనక పరుపు నిలబెట్టి, బట్టల బీరువా తలుపులు తెరిచి దానివైపు తిరిగి పాడండి. వేలాడే చీరలు, షర్టులు చప్పుడును మింగేస్తాయి. గుడ్ల అట్టలు గోడకు అంటించమని చెప్పేవాళ్ల మాట నమ్మకండి, వాటితో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

డిసెంబరులో ఒక సుఖముంది. కడపలో ఫ్యాను ఆపి గంటసేపు కూర్చోగలిగే నెలల్లో అదొకటి. ఫ్యాను, ఫ్రిజ్, నీళ్ల మోటారు ఆపేయండి. రాత్రి పదకొండు దాటాక వీధి సద్దుమణుగుతుంది. కుక్కలకు మాత్రం హామీ ఇవ్వలేం.

5. ఫోన్ సిద్ధం చేయడం

బ్యాండ్‌ల్యాబ్ లాంటి ఉచిత యాప్ ఉంటే ఫోన్లోనే ఒక్కో ట్రాక్ మీద ఇంకోటి రికార్డు చేసుకోవచ్చు. కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ, అదీ ఉచితమే. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, బాగా పాడిన టేకులోనే ఫోన్ మోగుతుంది. వేరే రికార్డర్ వాడితే ఫైలు ఎంపీ3గా కాకుండా వేవ్‌గా ఉండేలా, నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆఫ్‌లో ఉండేలా చూడండి. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే గిన్నెల మోతను రొద అనుకుని మధ్యలోనే కోసేస్తుంది.

వైరున్న ఇయర్‌ఫోన్లే వాడండి. బ్లూటూత్‌లో చప్పుడు చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది, దాన్ని బట్టి పాడితే మీరు ప్రతి దెబ్బకూ వెనకబడతారు. చాలా ఫోన్లకు మైకు కింది అంచున ఉంటుంది, ఆ వైపు మీకు ఎదురుగా ఉండాలి. నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కొంచెం పక్కకు పెడితే ‘ప’, ‘భ’ పలికేటప్పుడు గాలి కొట్టదు. ఫోన్‌ను బండ అర మీద నేరుగా పెట్టకండి. తువ్వాలు వేసి పెట్టండి.

6. రికార్డు చేసే వరుస

మెట్రోనోమ్‌ను, అంటే ఒకే వేగంతో టిక్ టిక్‌మంటూ లెక్క చెప్పేదాన్ని, మూడు లెక్కల తాళంలో, నిమిషానికి 90 దెబ్బల దగ్గర పెట్టండి. దాన్ని చెవిలో వింటూ పాట మొత్తం ఒకసారి ఊరికే పాడి రికార్డు చేయండి. ఇది దారి చూపడానికే, తర్వాత తీసేస్తాం. అందుకని గొంతు బాగాలేదని ఆగొద్దు.

దాని మీద ముందు చెక్కలు, తర్వాత గిన్నెలు, చివరిగా అసలు గొంతు. చెక్కల చప్పుడు పదునుగా ఉంటుంది, కాబట్టి ఫోన్‌కు ఐదారు అడుగుల దూరంలో నిలబడండి. గిన్నెలకు రెండడుగులు చాలు. యాప్‌లో లెవల్ చూపించే గీత గట్టి దెబ్బకు కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. ఎర్రగా వెలిగితే ఆ టేకు పోయినట్టే, తర్వాత ఏ యాప్ కూడా బాగుచేయలేదు. ప్రతి ట్రాక్ మొదట్లో మెట్రోనోమ్ దెబ్బ మీద ఒక చప్పట్లు కొట్టండి. ట్రాకులు ముందు వెనకలైతే ఆ చప్పట్ల గీతలను ఒకదాని కింద ఒకటి జరిపితే చాలు.

గొంతు ఒకే టేకులో రావాలని లేదు. చరణానికో టేకు తీసుకోండి. ఊపిరి పీల్చిన చప్పుళ్లన్నీ కోసేయకండి, మనిషి పాడినట్టు ఉండదు.

7. కలపడం

గొంతు మధ్యలో, చెక్కలు కొంచెం ఎడమకు, గిన్నెలు కొంచెం కుడికి. గొంతు ట్రాక్‌లో 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తీసేస్తే వీధిలో లారీ గురగురలు తగ్గుతాయి. గట్టి చప్పుడుకూ సన్న చప్పుడుకూ తేడా తగ్గించే కంప్రెసర్ అవసరమైతే కొద్దిగా.

ఎకోకు యాప్ వద్దు. బండలను ఇందాక తిట్టాం కదా, ఇప్పుడు వాటితోనే పని. మిద్దె మెట్ల దగ్గర కింద చిన్న స్పీకర్ పెట్టి గొంతు ట్రాక్ ఒక్కటే వినిపించండి. రెండో ఫోన్‌తో పై మెట్టు దగ్గర దాన్ని రికార్డు చేయండి. వచ్చినదాన్ని అసలు గొంతు కింద సన్నగా కలపండి. ఇక్కడ బ్లూటూత్ స్పీకరైనా ఫర్వాలేదు, ట్రాక్‌ను ఎటూ జరుపుకుంటాం. ఖాళీ సింటెక్స్ ట్యాంకులో స్పీకర్ దించి మూత దగ్గర ఫోన్ పెడితే ఇంకో రకం ఎకో వస్తుంది, మూడో చరణానికి నాకు అదే ఇష్టం. చదువుకున్న సౌండ్ ఇంజనీర్లు నవ్వొచ్చు కానీ, స్టూడియోల్లో ఎకో గదులు పనిచేసేది ఇదే సూత్రం మీద.

పూర్తయ్యాక ఇయర్‌ఫోన్లలో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, వీలైతే ఆటోలో ఒకసారి వినండి. ఆటోలో మాటలు అర్థమైతే గొంతు లెవల్ సరిగ్గా ఉన్నట్టే.

8. పైకి ఎక్కించడం

యూట్యూబ్ గట్టిగా ఉన్న పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి దించేస్తుంది. అందుకని లౌడ్‌నెస్ కోసం పాటను పిండాల్సిన పని లేదు. కరోకే ట్రాకులు వాడొద్దు. పాట పాతదైనా ఆ రికార్డింగ్ మాత్రం వేరేవాళ్ల సొత్తు. అన్నీ మీరే వాయించినా ఒక్కోసారి ఏదో కంపెనీ పేరుతో కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు, యంత్రం పోల్చి పంపేది అది. టెన్షన్ పడకుండా, పాట కాపీరైట్ ముగిసినదని, రికార్డింగ్ నాదేనని రాసి డిస్ప్యూట్ పెట్టండి. అందుకే విడి ట్రాకులు చెరిపేయకుండా దాచుకోవాలి.

చర్చిలో కూడా వినిపించాలనుకుంటే పాస్టర్ గారికి ముందే ఒకసారి వినిపించండి, ఆదివారం ఆరాధన మధ్యలో చర్చ లేవకుండా ఉంటుంది. బంధువులకు వాట్సాప్‌లో వీడియో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. మామూలు వీడియోగా పంపితే అది కుదించేసి, గిన్నెల మోత అంతా రేకు డబ్బా చప్పుడులా మారుస్తుంది.