సన్ జూని లెక్కలతో చదవండి

ప్రాచీన చైనా సేనాని సన్ జూ రాసిన యుద్ధతంత్ర గ్రంథం ‘ఆర్ట్ ఆఫ్ వార్’లో ఉన్నవి 13 అధ్యాయాలే, చైనీస్ మూలంలో సుమారు 6,000 అక్షరాలు. ఒక్క పూటలో చదివేయొచ్చు. చాలామంది అలాగే చదివి, నచ్చిన నాలుగు వాక్యాలు ఏరుకుని ఊరుకుంటారు. దాంతో తర్కమంతా చేజారిపోతుంది. నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని, అంకె కనిపించిన ప్రతిచోటా ఆగి రాసుకోండి.

రెండో అధ్యాయంతో మొదలుపెట్టండి. లక్షమంది సైన్యం, వెయ్యి తేలిక రథాలు, వెయ్యి బరువు రథాలు, వెయ్యి ‘లీ’ల (లీ అంటే చైనా దూరపు కొలమానం) దూరం తిండిగింజల రవాణా. వీటికి రోజుకు వెయ్యి కొలతల బంగారం ఖర్చు. శత్రుభూమిలో దొరికిన ఒక కొలత ధాన్యం, స్వదేశం నుంచి తెచ్చిన ఇరవై కొలతలతో సమానమంటాడు. మోసుకొచ్చేవాళ్ల తిండికే దారిలో చాలా భాగం పోతుంది మరి.

వెంటనే మూడో అధ్యాయం తెరవండి. ముట్టడి సామగ్రి సిద్ధం చేయడానికి మూడు నెలలు, మట్టి దిబ్బలు పోయడానికి మరో మూడు. ఓపిక నశించిన సేనాని సైనికుల్ని చీమల్లా గోడలెక్కిస్తే మూడోవంతు మంది చస్తారు, కోట మాత్రం లొంగదు. పోరాడకుండా లొంగదీయడమే ఉత్తమమన్న మాట ఇక్కడే వస్తుంది. విడిగా చదివితే అది శాంతిబోధలా వినిపిస్తుంది. రెండో అధ్యాయం చదివి వస్తే ఖర్చు లెక్క తేల్చిన జవాబని తెలుస్తుంది.

అక్కడి నుంచి నేరుగా 13కి దూకండి. అదే లక్ష సైన్యం, రోజుకు అదే వెయ్యి కొలతల బంగారం, పనులు ఆగిపోయిన ఏడు లక్షల కుటుంబాలు. ఇంత భారం మోస్తూ గూఢచారికి వంద ఇవ్వడానికి వెనకాడే సేనానిని కరుణ లేనివాడంటాడు. గ్రంథంలో ఇంతకంటే పదునైన చోటు లేదు.

ఇప్పుడు మొదటి అధ్యాయంలోని అయిదు అంశాలు, ఏడు ప్రశ్నలు చదివి, వాటిని ఒక నిజమైన యుద్ధం మీద ప్రయోగించండి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో చీ, వే అనే చైనా రాజ్యాల మధ్య జరిగిన మాలింగ్ యుద్ధం ఇందుకు బాగా పనికొస్తుంది. చీ సైన్యం వంటపొయ్యిల్ని రోజురోజుకూ లక్ష నుంచి 50,000కు, తర్వాత 30,000కు తగ్గించిందని ప్రాచీన చైనా చరిత్రకారుడు సిమా చియాన్ రాసిన చరిత్రలో ఉంది. సైనికులు పారిపోతున్నారని నమ్మిన వే సేనాని పాంగ్ జువాన్ తేలిక దళంతో తరుముకొచ్చి ఉచ్చులో పడ్డాడు. సత్తా ఉన్నా లేనట్టు కనిపించమన్న మొదటి అధ్యాయం మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఆ ఎత్తు వేసిన సున్ బిన్ వేరు, సన్ జూ వేరు. ఇద్దర్నీ కలిపేయడం తరచూ జరిగే పొరపాటు. 1972లో షాన్‌డాంగ్‌లోని యిన్‌చ్వేషాన్ సమాధుల్లో ఇద్దరి గ్రంథాలూ వెదురుబద్దల మీద వేర్వేరుగా దొరికాయి. ‘36 ఎత్తులు’ అనే మరో చైనా యుద్ధతంత్ర గ్రంథం కూడా సన్ జూది కాదు.

పుస్తకం ప్రతిని ఎంచుకునేటప్పుడు మూలానికీ వ్యాఖ్యకూ మధ్య గీత స్పష్టంగా ఉందో లేదో చూడండి. ప్రాచీన చైనా సేనాని సావో సావో మొదలుకొని ఎందరో వ్యాఖ్యాతలున్నారు. లయొనెల్ గైల్స్ 1910 అనువాదాన్ని నెట్‌లో చదివేవాళ్లు మూల వాక్యాల మధ్య వచ్చే వ్యాఖ్యల్ని సన్ జూ మాటలుగా పొరబడుతుంటారు. ప్రసిద్ధ వాక్యాన్నీ మూలంతో సరిచూడండి. తన్నూ శత్రువునూ ఎరిగినవాడికి నూరు యుద్ధాల్లోనూ ప్రమాదం లేదన్నాడే గాని, నూరు విజయాలని అనలేదు.

భూస్వరూపాల గురించిన 9, 10, 11 అధ్యాయాల్ని చివరికి ఉంచి, పట్టిక గీసుకుంటూ చదవండి. 10లోని ఆరు రకాల నేలలు, 11లోని తొమ్మిది పరిస్థితులు పట్టిక లేకుండా కలిసిపోతాయి.