రోమన్ శాసనాలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: సైనికుల మొక్కు రాళ్ళు

పోయిన పాఠంలో సమాధి రాళ్ళు చూశాం కదా, ఈసారి మొక్కు రాళ్ళు చూద్దాం. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన సరిహద్దు గోడ, హాడ్రియన్ గోడ వెంబడి కారోబరో అని ఒక రోమన్ కోట ఉంది, దాని పక్కన చిత్తడి నేలలో 1949లో మిత్రాస్ దేవుడి గుడి బయటపడింది, 1950లో తవ్వితే చిన్న హాలు, చివర్లో మూడు బలిపీఠాలు (ఇవే మన మొక్కు రాళ్ళు) ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి. మూడూ అక్కడ డ్యూటీ చేసిన బటావియన్ (రైన్ నది ముఖద్వారం దగ్గరి జాతి) పటాలం కమాండర్లు పెట్టించినవే. మిత్రాస్ పూజ అంతా రహస్యం, దీక్ష తీసుకున్నవాళ్ళకే లోపలికి ఎంట్రీ, వాళ్ళు రాసుకున్న గ్రంథాలు దాదాపు ఏవీ మనదాకా రాలేదు, అందుకే ఈ రాళ్ళ మీద ఒక్కో అక్షరం నాకు బంగారం.

ఈ మూడింట్లో ఒక రాయి తీసుకుందాం, ముందు దాని చివరి లైన్‌కి వెళ్ళండి. వి, ఎస్, ఎల్, ఎం అని నాలుగే అక్షరాలుంటాయి. వోటుం సోల్విట్ లిబెన్స్ మెరిటో, అంటే మొక్కు తీర్చుకున్నాడు, ఇష్టపూర్వకంగా, దేవుడికి తగినట్టుగా. ఇది కనిపిస్తే అది మొక్కు రాయే, ఇంక డౌట్ అక్కర్లేదు.

ఇప్పుడు పైకి రండి. "దేఓ ఇన్విక్టో మిత్రే". దేఓలో, ఇన్విక్టోలో చివర ఓ, మిత్రేలో చివర ఏ-ఈ జంట, ఇవి మన "కి" విభక్తి లాంటివి, ఓటమి ఎరగని మిత్రాస్ దేవుడికి అన్నమాట. మధ్యలో మిగిలింది ఇచ్చినవాడి పేరు, హోదా: "ఎం సింప్లిసియస్ సింప్లెక్స్ ప్రెఫ్". ఎం అంటే మార్కస్, ప్రెఫ్ అంటే ప్రిఫెక్టస్, పటాలం కమాండర్. అంతే, రాయి మొత్తం చదివేశారు!

ఈ రాయి మీద బొమ్మ కూడా వదలొద్దు. మిత్రాస్ తల చుట్టూ ఉన్న కిరణాలకి ఆరపార కన్నాలు పెట్టారు, వెనక గూట్లో దీపం పెడితే ఆ చీకటి గదిలో కిరణాలు నిజంగానే వెలిగేవి.

హోంవర్క్: పక్క రాయి మీద ఎల్ (అంటే లూసియస్) ఆంటోనియస్ ప్రోక్యులస్ పేరు తర్వాత "ప్రెఫ్ కో 1 బాట్ ఆంటోనినియానే వి ఎస్ ఎల్ ఎం" అని ఉంది. కో అంటే కోహోర్ట్, అంటే పటాలం, బాట్ ఎవరో మీకు తెలుసు. ఆంటోనినియానా బిరుదు రోమన్ చక్రవర్తి కారకల్లా కాలంలో పటాలాలకి వచ్చింది, ఆయన ఒంటరిగా ఏలింది 211 నుంచి 217 దాకా. దీన్ని పట్టుకుని ఆ రాయి సుమారుగా ఏ కాలందో మీరే రాయండి, వచ్చే పాఠంలో మూడో రాయితో కలిపి చెక్ చేద్దాం.