కందిలి ఆరితే దిగొద్దు: రీబ్రీదర్ నేర్చుకోవాలనుకునే కొత్త డైవర్లకు

మాది దేవరకొండ పక్కన పల్లె. చిన్నప్పుడు వీపుకు బెండ్లు కట్టుకొని వ్యవసాయ బావిలోనే ఈత నేర్చుకున్నాం. నల్గొండ, పాలమూరు పిల్లల్లో చాలామంది అట్లనే నేర్చుకున్నారు. ఆ బావికి పూడిక తీసే రోజు మాత్రం మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. మా చిన్నాయిన ముందు కందిలి వెలిగించి తాడుతో కిందికి దించేవాడు, అడుగున అది కాసేపు వెలుగుతూ ఉంటేనే మనిషి దిగాలి. "కందిలి ఆరితే దిగొద్దు, లోపల గాలి ఎట్లుందో మన ముక్కుకు తెల్వదురా" అనేవాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక పడవ మీద మొదటిసారి రీబ్రీదర్ వీపుకు తగిలించుకుంటుంటే నాకు గుర్తొచ్చింది ఆ కందిలే.

ఈ మధ్య మన వైపు కుర్రాళ్లు కొందరు అడుగుతున్నారు, "అన్నా, అండమాన్ పోయి స్కూబా కోర్సు చేసొచ్చిన, ఇప్పుడు రీబ్రీదర్ ఎట్ల మొదలుపెట్టాలె" అని. అందరికీ ఒక్కచోట రాస్తున్నాను, కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

ముందు ఆ పరికరం చేసే పని అర్థం చేసుకోవాలి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటే, వదిలే గాలిలో ఇంకా 16, 17 శాతం మిగిలే ఉంటుంది. మామూలు స్కూబాలో దాన్నంతా బుడగలుగా పారబోస్తాం, పైగా లోతుకు పోయేకొద్దీ ఆ వృథా పెరుగుతుంది. ఒడ్డున 1 బార్ ఉండే ఒత్తిడి 30 మీటర్ల దగ్గర 4 బార్ కాబట్టి, ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి అక్కడ 80 లీటర్లు ఖర్చు చేస్తాడు. నిజానికి శరీరం వాడుకునే ఆక్సిజన్ ఎంత లోతులోనైనా మారదు, నింపాదిగా ఈదుతుంటే నిమిషానికి ఒక లీటరు అటూఇటూ. రీబ్రీదర్ మనం వదిలిన ఊపిరిని బయటికి పోనివ్వకుండా ఒక గొట్టాల చుట్టులో తిప్పుతుంది, దాన్నే లూప్ అంటారు. అందులో కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసి, మనం వాడుకున్నంత ఆక్సిజన్ మాత్రం కలిపి మళ్లీ నోటికి ఇస్తుంది. 3 లీటర్ల చిన్న సిలిండర్‌లో 200 బార్ ఆక్సిజన్ నింపితే 600 లీటర్లు, ఆ లెక్కన అది గంటల తరబడి వస్తుంది. రెండో చిన్న సిలిండర్‌లో గాలి గానీ వేరే మిశ్రమం గానీ ఉంటుంది, దాన్ని డైల్యూయెంట్ అంటారు, లోతుకు దిగుతుంటే నలిగిపోయే లూప్‌ను నింపడానికి.

కార్బన్ డయాక్సైడ్‌ను తీసేది స్క్రబ్బర్, అంటే సోడా లైమ్ గుళికలు నింపిన డబ్బా. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. బడిలో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడేది చూడండి, గోడకు వేసిన తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకొని గట్టిపడుతుంది చూడండి, అదే సున్నం, అదే పని. చాలా యూనిట్లలో రెండు, రెండున్నర కిలోలు పడుతుంది, దాదాపు మూడు గంటలు పనిచేస్తుంది, నీళ్లు చల్లగా ఉన్నా మనిషి గట్టిగా కాళ్లాడించినా ఆ సమయం తగ్గిపోతుంది. గుళికలు వదులుగా పోస్తే ఊపిరి సందుల్లోంచి శుభ్రం కాకుండానే జారిపోతుంది. అందుకే కొంచెం కొంచెం పోస్తూ, డబ్బాను తడుతూ నింపాలి, సగం వాడినదాన్ని కింద పోసి మళ్లీ నింపడం అస్సలు వద్దు. నీళ్లు లోపలికి చేరితే ఆ సున్నపు నీరు నోట్లోకి వస్తుంది. తాంబూలంలో సున్నం ఎక్కువైతేనే నోరు పొక్కుతుంది, ఇది గొంతు దాకా కాలుస్తుంది.

హెన్రీ ఫ్లూస్ అనే ఇంగ్లండ్ మనిషి 1878లోనే పనికొచ్చే రీబ్రీదర్ తయారుచేశాడు, చాలాకాలం అది సైన్యాల చేతిలోనే ఉండిపోయింది, సరదాకు డైవింగ్ చేసేవాళ్ల కోసం ఇన్‌స్పిరేషన్ అనే యూనిట్ 1997లో అమ్మకానికి వచ్చాక మామూలు జనానికి దారి తెరుచుకుంది. దీనితో బుడగల చప్పుడు ఉండదు, చేపలు బెదరవు, పీల్చే గాలి వెచ్చగా తేమగా ఉంటుంది. ఆ నిశ్శబ్దం ఒక్కసారి రుచి చూస్తే మళ్లీ మళ్లీ కావాలనిపిస్తుంది, అది నిజం.

ఇప్పుడు అసలు విషయం. మామూలు స్కూబాలో సిలిండర్ ఖాళీ అయితే గాలి రాదు, వెంటనే తెలిసిపోతుంది. రీబ్రీదర్‌లో గాలి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, ఊపిరి ఆడుతూనే ఉంటుంది, కానీ అందులో ప్రాణం నిలబెట్టేది ఉందో లేదో నోటికీ ముక్కుకూ తెలియదు.

మొదటిది ఆక్సిజన్ తగ్గిపోవడం. లెక్క శాతాల్లో కాదు, ఒత్తిడితో కలిపి చూడాలి, దాన్ని పీఓటూ అంటారు. ఒడ్డున మనం పీల్చే గాలిలో అది 0.21. 0.16 కంటే కిందికి పోతే స్పృహ తప్పే ప్రమాదం మొదలవుతుంది, బావిలో కందిలి ఆరేది కూడా ఆక్సిజన్ 16 శాతం దగ్గర్లోకి పడిపోయినప్పుడే. ఒక ఉదాహరణ చెప్తాను. 20 మీటర్ల లోతులో లూప్‌లో ఆక్సిజన్ 10 శాతమే ఉందనుకోండి, అక్కడ ఒత్తిడి 3 బార్ కాబట్టి పీఓటూ 0.3, మనిషి హాయిగా ఉంటాడు. కొత్త ఆక్సిజన్ కలవకుండా అదే ఊపిరితో పైకి వచ్చాడా, నీటిమట్టం దగ్గర అది 0.1 అవుతుంది. ఆయాసం రాదు, నొప్పి ఉండదు, భయమేయదు. మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో ఆగిపోతాడు. రెండోది దీనికి తలకిందులు: పీఓటూ 1.6 దాటితే మూర్ఛ వచ్చినట్టు కొట్టుకోవచ్చు, నీళ్లలో అది వస్తే మౌత్‌పీస్ జారిపోయి మునగడమే. అందుకే దిగేటప్పుడు 0.7, అడుగున 1.2 లేదా 1.3 దగ్గర పెట్టుకొని ఈదుతారు.

మూడోది కార్బన్ డయాక్సైడ్. ఇది కాస్త చెప్పే వస్తుంది, తలనొప్పి, ఆయాసం, కారణం లేని గాబరా. కానీ అప్పటికే ఊపిరి ఎంత వేగంగా కొట్టుకుంటుందంటే, నోట్లోంచి ఒక మౌత్‌పీస్ తీసి ఇంకోటి పెట్టుకునేంత సేపు కూడా ఊపిరి బిగబట్టలేరు. అందుకే ఒక్క మీట తిప్పితే మామూలు స్కూబా గాలి వచ్చే మౌత్‌పీస్, బీఓవీ అంటారు, దాన్ని కొత్తవాళ్లు ఖర్చయినా పెట్టించుకోవాలని నా గట్టి మాట. దిగేముందు ఐదు నిమిషాలు పీల్చి చూస్తే స్క్రబ్బర్ బాగుందో లేదో తెలుస్తుందని కొందరు నమ్ముతారు. స్క్రబ్బరే తీసేసి అట్లా పీల్పించినా కొందరు గుర్తుపట్టలేదని పరీక్షల్లో తేలింది. ఆ ఐదు నిమిషాలు ఆక్సిజన్ సరిగ్గా కలుస్తోందా అని పీఓటూ అంకె చూపే తెర మీద చూసుకోవడానికి పనికొస్తాయి, స్క్రబ్బర్‌కు హామీ మాత్రం శ్రద్ధగా నింపిన చేతులే.

1998 నుంచి 2010 మధ్య రీబ్రీదర్ మరణాలు 181 లెక్కకు వచ్చాయి, వాటిని విశ్లేషించి 2013లో వేసిన అంచనా ప్రకారం ప్రమాదం మామూలు స్కూబా కంటే దాదాపు పది రెట్లు. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఇంట్లో వాళ్లకు ఏం చెప్పి బయల్దేరుతున్నారో మీకు తెలిసి ఉండాలని చెప్తున్నాను.

కాబట్టి నేరుగా రీబ్రీదర్ మీదికి దూకొద్దు. ముందు స్కూబాలో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు: 200 మీటర్ల ఈత, పది నిమిషాలు నీళ్ల మీద తేలడం, మన బావి ఈతగాళ్లకు ఇది పెద్ద పని కాదు. కోర్సుకు ముందు ఆరోగ్య ప్రశ్నల పత్రం ఇస్తారు, ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ లాంటివి దాచకుండా రాసి డాక్టర్ సంతకం తీసుకోండి. ఆ తర్వాత 30 మీటర్ల దాకా అర్హత ఇచ్చే అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆక్సిజన్ లెక్కలు నేర్పే నైట్రాక్స్ కోర్సు. మన దగ్గరి నుంచి పోవాలంటే హైదరాబాద్‌లో విమానం ఎక్కి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం), అక్కడి నుంచి పడవలో హేవ్‌లాక్, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. తక్కువ ఖర్చులో కావాలంటే మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి, కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా మురుడేశ్వర్‌కు వారానికి రెండు రోజులు రైలు ఉంది. వానాకాలంలో మాత్రం అక్కడ సముద్రం డైవింగ్‌కు పనికిరాదు.

రీబ్రీదర్ కోర్సుకు 18 ఏళ్లు నిండాలి. శిక్షణ సంస్థలు చాలావరకు పాతిక నుంచి యాభై డైవ్‌లు ఉంటే చాలంటాయి, నేనైతే వంద చేయమంటాను. నీళ్లలో నిలకడగా తేలడం, మాస్క్‌లో నీళ్లు తీసుకోవడం, తోటి డైవర్‌ను గమనించడం, ఇవన్నీ ఆలోచించకుండా చేతికి రావాలి, ఎందుకంటే ఆలోచన మొత్తం ఆ తెర మీది అంకెలకే కావాలి. మొదటి స్థాయి కోర్సు ఐదారు రోజులు, లోతు 18 లేదా 30 మీటర్ల లోపే. సర్టిఫికెట్ ఏ యూనిట్ మీద నేర్చుకుంటే దానికే చెల్లుతుంది, ఇంకోటి కొంటే మళ్లీ కోర్సు. అందుకే ముందు యూనిట్ కొనేసి తర్వాత గురువును వెతుక్కోవద్దు. తరచుగా మీరు ఎవరితో డైవ్ చేస్తారో, వాళ్ల దగ్గర ఏది ఉందో, ఆక్సిజన్‌ను కొలిచే సెల్‌లు, సోడా లైమ్ ఎక్కడ దొరుకుతాయో చూసుకొని ఎంచుకోండి. యూనిట్ ధర లక్షల్లో ఉంటుంది. పాతది చౌకగా వస్తుందని ఆన్‌లైన్‌లో కొని సొంతంగా ప్రయోగాలు చేయడం మాత్రం వద్దే వద్దు.

ఆక్సిజన్‌ను కొలిచే సెల్‌లు మన కందిలి. మామూలుగా మూడు ఉంటాయి, రెండు ఒక మాట చెప్పి మూడోది వేరే మాట చెప్తే యంత్రం రెండిటి మాట నమ్ముతుంది, కానీ ముసలివైన రెండు సెల్‌లు కలిసి తప్పు చెప్పొచ్చు. కాబట్టి మూడూ ఒకేసారి కొన్నవి పెట్టకండి, ఏడాది దాటితే మార్చేయండి, వేల రూపాయల వస్తువే అయినా లోభం వద్దు. నీళ్లలో అనుమానమొస్తే డైల్యూయెంట్‌తో లూప్ కడిగి చూడండి: 30 మీటర్ల దగ్గర డైల్యూయెంట్ గాలి అయితే అంకె 0.84 రావాలి, 0.21ని నాలుగుతో గుణిస్తే అంతే. అది రాకపోతే ఆ సెల్‌లను నమ్మొద్దు.

అలవాట్లు కొన్ని మార్చుకోవాలి. స్కూబాలో లోతుగా పీలిస్తే కొద్దిగా పైకి లేస్తాం, ఇక్కడ గాలి ఊపిరితిత్తుల్లోంచి లూప్‌కు ఉండే గాలి సంచిలోకీ సంచిలోంచి ఊపిరితిత్తుల్లోకీ మారుతుందే తప్ప మొత్తం అంతే కాబట్టి మనిషి కదలడు. మొదటి రెండు రోజులు ఇది చాలా చికాకు. ముక్కుతో గాలి వదిలితే లూప్ ఖాళీ అవుతుంది. ఇంకా ముఖ్యమైనది, పైకి రాగానే మౌత్‌పీస్ తీసి మాట్లాడే అలవాటు, మీట మూయకుండా తీస్తే నీళ్లు నేరుగా లోపలికి పోతాయి.

నాకు జరిగింది చెప్తాను. ఒక పొద్దున పడవ మీద చెక్‌లిస్ట్ చదువుతూ ఒక్కొక్కటి టిక్ పెడుతున్నాను, మధ్యలో ఎవరో పిలిచి ఏదో అడిగారు, మాట్లాడి వచ్చి ఆపిన చోటి నుంచి అనుకొని ఒక వరుస కింది నుంచి మొదలుపెట్టాను. ఆ తప్పిపోయిన వరుస ఆక్సిజన్ వాల్వ్ తెరవడం. కూర్చొని పీల్చి చూసుకుంటుంటే తెర మీద అంకె మెల్లగా దిగుతోంది, 0.21, 0.20, 0.19, నాకేమో ఏ తేడా తెలియడం లేదు. కళ్లు తెర మీద ఉన్నాయి కాబట్టి వెంటనే లూప్ వదిలేశాను. చేతులు వణికాయి. అప్పటి నుంచి చెక్‌లిస్ట్ మధ్యలో ఎవరు పిలిచినా పలకను, పలికితే మళ్లీ మొదటి వరుస నుంచే. మీరు కూడా జ్ఞాపకం మీద ఆధారపడకండి, వెయ్యిసార్లు చేసిన వాళ్లు కూడా కాగితం చూసే చేయాలి. లూప్ నింపి లీకు లేదని, గాలి పీల్చేసి బయటి గాలి చొరబడటం లేదని, రెండు పరీక్షలూ ప్రతిరోజూ చేయాలి. ఆక్సిజన్ వాల్వ్‌ను మెల్లగా తిప్పండి, దాని దగ్గరికి నూనె, గ్రీజు రానివ్వకండి, మంట అంటుకుంటుంది.

పక్కన బెయిలౌట్ సిలిండర్, అంటే లూప్ చెడితే పైకి వచ్చేదాకా సరిపోయే మామూలు స్కూబా గాలి, లేకుండా మూడు మీటర్లు కూడా దిగొద్దు. దానికి మారడం కోర్సు అయ్యాక కూడా ప్రతి డైవ్‌లో ఒకసారి చేయండి. అనుమానం వస్తే ముందు మారండి, కారణం తర్వాత ఆలోచించవచ్చు.

మన కుర్రాళ్లకు ఇంకో ఆశ ఉంటుంది, నాకూ ఉండేది. సాగర్ నీళ్ల కింద ఇక్ష్వాకుల విజయపురి లోయ ఉంది, సోమశిల అవతల సంగమేశ్వరం గుడి ఎండాకాలం తేలి వానలకు మునుగుతుంది, యూనిట్ ఉంటే దిగి చూడొచ్చు కదా అని. దిగొద్దు. అక్కడ బురదకు చెయ్యి చాపితే వేళ్లు కనబడవు, చేపల వలలు చిక్కుకుంటాయి, డ్యామ్ దగ్గర నీళ్లు లాగుతాయి, అనుమతి లేకుండా దిగితే కేసు కూడా. తెర మీది అంకెలు కళ్లకు కనబడని నీళ్లలో రీబ్రీదర్‌కు పని లేదు. పాత బావుల్లో, క్వారీ గుంతల్లో కూడా ఇదే మాట.

చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకొని టికెట్ చేయించుకోండి. డైవ్ అయిన రోజే గొట్టాలు, సంచులు మంచినీళ్లతో కడిగి క్రిమినాశని వేసి మళ్లీ కడగాలి, లేకపోతే మన ఊపిరి తేమకు లోపల బూజు పడుతుంది. ఇంటికి వచ్చాక వాటిని ఎండలో వేయొద్దు, మన ఎండకు రబ్బరు పగులుతుంది, నీడన బట్టల తీగ మీద వేలాడదీయండి. సెల్‌లు తీసి, ఒక్కోదాని మీద మొదటిసారి బిగించిన తేదీ మార్కర్‌తో రాసి పెట్టండి.